సర్ పీటర్ మెడవార్

మామిడి మొక్కకు వేరొక రకపు మామిడి కొమ్మను అంటు కట్టినచో అది కలిసిపోయి చిగిర్చును, కాచును. తోటమాలికి కరతలామలకమగు ఈ విద్య శస్త్రవైద్యునకు మాత్రము చిరకాలము పట్టుబడకుండెను. ఒకరి చర్మమును వేరొకరి శరీరమున అతికించినచో, అది కొలది దినములు నిలిచినట్లే కనిపించి, పిమ్మట ఎండి ఊడిపోవుచుండెను. అందుకు గల కారణమును ప్రయోగపూర్వకముగా నిరూపించి, అవయవమార్పిడి శాస్త్రమునకు పునాది వేసిన మహనీయుడు పీటర్ బ్రయాన్ మెడవార్.

ఆయన 1915వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన బ్రెజిల్ దేశమున జన్మించెను. తండ్రి లెబనాన్ సంతతివాడు, తల్లి ఆంగ్లేయురాలు. బాల్యముననే ఇంగ్లండు చేరి, మార్ల్‌బరో పాఠశాలయందును, పిమ్మట ఆక్స్‌ఫర్డులోని మాడలిన్ కళాశాలయందును చదివి, జంతుశాస్త్రమున పట్టము పొందెను. 1937లో సహాధ్యాయినియగు జీన్ టేలర్‌ను వివాహమాడెను.

రెండవ ప్రపంచయుద్ధము ఆయన జీవితమార్గమును మార్చివేసెను. 1940లో ఆక్స్‌ఫర్డున ఆయన ఇంటికి చేరువలో ఒక విమానము కూలగా, అందలి వైమానికుడు ఘోరముగా కాలిపోయెను. వైద్యులు మెడవార్ సలహా కోరిరి. రోగి శరీరమున మిగిలిన చర్మము గాయములను కప్పుటకు చాలదు. ఇతరుల చర్మము నిలువదు. అంతవరకు ప్రయోగశాలయే లోకముగా నున్న ఆ యువకుని ఈ ప్రశ్న ఇక విడువలేదు.

ఆయన గ్లాస్గో నగరమునకు పోయి, థామస్ గిబ్సన్ అను శస్త్రవైద్యునితో కలిసి పనిచేసెను. కాలినగాయములతో బాధపడుచున్న ఒక స్త్రీకి ఆమె సోదరుని చర్మపు ముక్కలను అతికించి, వారు వాని గతిని శ్రద్ధతో పరిశీలించిరి. మొదటి అంటు కొంతకాలము నిలిచి నశించెను. అదే సోదరుని చర్మమును రెండవసారి అతికింపగా, అది మొదటిదానికన్న త్వరగా నశించెను. ఈ త్వరలోనే రహస్యమంతయు ఇమిడియుండెను. ఒకసారి మశూచి సోకి బ్రతికినవారికి అది సాధారణముగా మరల సోకకుండుట పూర్వులెరిగినదే. ఒకసారి చూచిన శత్రువును శరీరము మరువదు. పరాయి చర్మమును కూడ అది అట్లే గుర్తుంచుకొని, రెండవసారి మరింత వేగముగా ఎదుర్కొనుచున్నదని మెడవార్ గ్రహించెను. శస్త్రవైద్యుని చేతిలో లోపము లేదు. రోగనిరోధకశక్తియే అంటును త్రోసివేయుచున్నది. ఈ ఫలితములను వారిరువురును 1943లో ప్రకటించిరి. పిమ్మట కుందేళ్లపై చేసిన ప్రయోగములు దీనిని దృఢపరచెను.

అయినచో శరీరము తనదేదో, పరాయిదేదో ఎట్లు తెలిసికొనును? ఈ ప్రశ్నకు సమాధానము జన్యువులలో లభించెను. లండనున పీటర్ గోరర్, అమెరికాలో జార్జి స్నెల్ ఎలుకలయందు ఇట్టి జన్యువులను కనుగొనిరి. 1958లో ఫ్రెంచి వైద్యుడు జాన్ డోసే మానవుని తెల్ల రక్తకణములపై అట్టి గుర్తును మొదటిసారి వర్ణించెను. ఆరవ క్రోమోజోముపైనున్న ఈ జన్యుసముదాయమునకు హెచ్.ఎల్.ఏ. అని పేరు. బిడ్డకు తల్లినుండి ఒక వరుస, తండ్రినుండి ఒక వరుస సంక్రమించును. కావున తోబుట్టువులిరువురకు ఈ గుర్తులు పూర్తిగా సరిపోవు అవకాశము నాలుగింట ఒక పాలు. ఒకే అండమునుండి పుట్టిన కవలలకు అన్నియు సమానమే. 1954లో బోస్టన్ నగరమున జోసెఫ్ మర్రే అట్టి కవలలలో ఒకరి మూత్రపిండమును రెండవవారికి అమర్చి కృతకృత్యుడగుటకు ఇదియే కారణము. ఈ జన్యువులకు వ్యాధులతోను సంబంధము కలదు. బి27 అను గుర్తు గలవారికి వెన్నెముక బిగిసిపోవు కీళ్లవాతము వచ్చు అవకాశము హెచ్చని 1973లో తేలెను. అయినను ఆ గుర్తు గలవారిలో అధికసంఖ్యాకులకు ఆ వ్యాధి రానేరాదు.

మెడవార్ 1947లో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయమునను, 1951లో లండను యూనివర్సిటీ కాలేజీయందును ఆచార్యుడయ్యెను. ఆ కాలముననే ఆవుల కవలదూడలలో ఒక వింత కనిపించెను. వేర్వేరు అండములనుండి పుట్టిన దూడలు సైతము ఒకదాని చర్మమును మరియొకటి స్వీకరించెను. గర్భమున వాని రక్తము కలిసిపోవునని రే ఓవెన్ 1945లోనే తెలిపియుండెను. ప్రకృతి చేసిన ఈ పనిని మానవుడును చేయగలడాయని మెడవార్ ఆలోచించెను. రూపెర్ట్ బిల్లింగ్‌హాం, లెస్లీ బ్రెంట్ అను సహచరులతో కలిసి, తల్లిగర్భముననున్న ఎలుకపిల్లలకు వేరొక వంశపు ఎలుకల కణములను ఎక్కించెను. అవి పెరిగిన పిమ్మట ఆ వంశపు చర్మమును అతికింపగా, వానిలో కొన్ని దానిని తమదిగనే స్వీకరించెను. 1953లో వెలువడిన ఈ ఫలితము శాస్త్రలోకమును ఆశ్చర్యపరచెను. పుట్టి పెరిగిన రోగికి ఈ పద్ధతిని నేరుగా వాడ వీలులేదు. అయినను పరాయి అవయవమునకును శరీరమునకును నడుమనున్న గోడ దాటరానిది కాదని వైద్యులకు ధైర్యము కలిగెను. నిరోధకశక్తిని అణచు మందులు వచ్చిన పిమ్మట అవయవమార్పిడి నిత్యచికిత్సయయ్యెను.

1960లో మెడవార్‌కును ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్‌కును నోబెల్ బహుమానము లభించెను. పని ముగ్గురిదియైనను బహుమానము తనకు మాత్రమే వచ్చినదని తలచి, తన వంతు ధనమున బిల్లింగ్‌హాం, బ్రెంట్‌లకు భాగమిచ్చిన ఉదారుడాయన. 1965లో సర్ బిరుదము లభించెను.

1969 సెప్టెంబరు నెలలో, బ్రిటిష్ శాస్త్రసంఘ అధ్యక్షుడుగా ఎక్సెటర్ నగరమునకేగి, అచ్చటి ప్రధాన దేవాలయమున గ్రంథపఠనము చేయుచుండగా ఆయనకు మెదడున రక్తస్రావమయ్యెను. ఎడమభాగము చచ్చుబడెను. అప్పటికి వయస్సు 54 ఏండ్లు. అయినను ఆయన ప్రయోగశాలను విడువలేదు. భార్య సహాయమున పరిశోధనయు గ్రంథరచనయు సాగించెను. యువశాస్త్రజ్ఞులకు హితము చెప్పు పుస్తకమును 1979లోను, ఆత్మకథను 1986లోను ప్రకటించి, 1987 అక్టోబరు 2వ తేదీన కన్నుమూసెను.

గ్లాస్గోలో రెండవ అంటు నశించినపుడు, దానిని మరియొక అపజయమని ఆయన మరచిపోయి యుండవచ్చును. అట్లు చేయక, అది ఎంత త్వరగా నశించెనో గమనించెను. నేడు తోబుట్టువుల మూత్రపిండముతో జీవించుచున్న రోగుల ఆయువు ఆ గమనికకు ఋణపడియున్నది. ప్రయోగము తాననుకొన్నట్లు ముగియలేదని చిన్నబుచ్చుకొను విద్యార్థి ఈ చరిత్రను ఒకసారి స్మరించుట మేలు.