శత్రువునకును ప్రాణదాత: డొమినిక్ లారే

యుద్ధమున శత్రువులను సంహరించి కీర్తి గాంచినవారు చరిత్రలో పెక్కుమంది గలరు. గాయపడిన శత్రువును బ్రదికించి కీర్తి గాంచినవారు అరుదు. అట్టివారిలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు డొమినిక్ లారే అగ్రగణ్యుడు.

ఆయన 1766వ సంవత్సరమున పిరనీసు పర్వతముల చెంతనున్న ఒక పల్లెలో జన్మించెను. బాల్యముననే తండ్రిని గోల్పోయి, తులూజు పట్టణమున శస్త్రవైద్యుడైన తండ్రి సోదరుని యొద్ద ఆ విద్య నభ్యసించెను.

1792లో లారే రైను నదీప్రాంతపు సైన్యమున వైద్యుడుగా చేరెను. ఆ కాలమున వైద్యుల బండ్లు సైన్యమునకు సుమారు 4 కిలోమీటర్ల వెనుక నిలిచి, పోరు ముగిసిన పిమ్మటగాని ముందునకు వచ్చెడివి కావు. ఈలోగా అనేకులు నెత్తురోడి మరణించుచుండిరి. లారే తేలికయైన గుఱ్ఱపుబండ్లను చేయించి, పోరు సాగుచుండగనే క్షతగాత్రులను తెచ్చి చికిత్స చేయు పద్ధతిని నెలకొల్పెను. ఈజిప్టు ఇసుకనేలలో ఒంటెల కిరుప్రక్కల పెట్టెలు గట్టించి వారిని మోయించెను.

ఆయన నియమ మొక్కటే. ఎవని గాయము ప్రాణాంతకమో వానికే మొదటి చికిత్స. సేనానియా, సామాన్యభటుడా, స్వపక్షమా, పరపక్షమా యను విచారణ లేదు. 1812లో రష్యాలోని బొరొడినో యుద్ధమున ఒక్క దినములో సుమారు 200 మందికి అంగచ్ఛేదము చేసెను. మత్తుమందు లేని ఆ దినములలో చేతివడియే రోగికి చేయగల దయ.

1815లో వాటర్లూ యుద్ధమున లారే గాయపడి ప్రష్యా సైనికులకు చిక్కెను. వారాయనను కాల్చి చంప నిశ్చయించిరి. అంతలో బెర్లినులో ఆయన ఉపన్యాసములు వినియున్న ప్రష్యా వైద్యు డొకడు ఆయనను గుర్తించెను. లారేను సేనాధిపతి బ్లూషర్ కడకు గొనిపోయిరి. 1813లో గాయపడి ఫ్రెంచివారికి బందీయైన బ్లూషరు కుమారుని బ్రదికించినది ఈ లారేయే! ఆ యువకునకు కట్టు గట్టిననాడు, వాని తండ్రి చేతిలో తన ప్రాణ ముండగలదని లారే యెఱుగడు. బ్లూషర్ ఆయనను విడిపించి సగౌరవముగ పంపెను.

నెపోలియను 1821లో మరణించుచు, తాను చూచినవారిలో మిక్కిలి సద్గుణవంతుడని లారేను తన మరణశాసనమున పేర్కొని, 1,00,000 ఫ్రాంకులు వ్రాసియిచ్చెను. లారే 1842లో లియోను పట్టణమున దివంగతుడయ్యెను.

క్షతగాత్రు డే దేశమువాడైనను రక్షింపవలెనని 1864లో జెనీవా ఒడంబడికయందు పలురాజ్యములు అంగీకరించినవి. ఆ ధర్మమును లారే, ఏ శాసనమును లేనినాడే, ఫిరంగుల నడుమ ఆచరించి చూపెను.