వగరు వెనక రహస్యం వెతికిన హంఫ్రీ డేవీ

పిల్లలూ, పచ్చి అరటికాయ కొరికినా, నేరేడు పళ్లు ఎక్కువ తిన్నా నాలుక బిరుసెక్కి నోరంతా పీక్కుపోయినట్టు ఉంటుంది కదా? ఆ వగరులో ఏముందో 200 ఏళ్ల కిందట వెతికిన ఒకాయన కథ ఈసారి మీకోసం. పెద్దవాళ్లూ పక్కన కూర్చుని చదవండి.

హంఫ్రీ డేవీ 1778లో ఇంగ్లండులో, పెంజాన్స్ అనే చిన్న రేవు ఊళ్లో పుట్టాడు. అయిదుగురు పిల్లల్లో పెద్దవాడు. 1794లో తండ్రి చనిపోయాడు, ఇంటికి అప్పులు మిగిలాయి. మరుసటి ఏడాది డేవీ ఊళ్లోనే ఒక వైద్యుడి దగ్గర మందులు కలిపే పని నేర్చుకోడానికి చేరాడు. కాలేజీ గడప తొక్కలేదు. పుస్తకాలు చదువుకుంటూ, దొరికిన సామానుతోనే ప్రయోగాలు చేసేవాడు.

1801లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడి పెద్దలు మొదట్లోనే ఇచ్చిన పని ఏమిటో తెలుసా? తోళ్లు పదును చేసే విద్య గురించి ఉపన్యాసాలు చెప్పమన్నారు. అందుకోసం మూడు నెలలు సెలవు కూడా ఇచ్చారు. అది కంపు కొట్టే పని. అయినా డేవీ ముక్కు మూసుకుని తప్పించుకోలేదు. తోళ్లు నానబెట్టే లందల దగ్గరికి వెళ్లి, పనివాళ్లు చేసేది చూసి నేర్చుకున్నాడు.

పచ్చి తోలు వదిలేస్తే కుళ్లిపోతుంది. ఓక్ చెట్టు బెరడు రసంలో నానబెడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఎందుకని? జిగురును నీళ్లలో కరిగించి, అందులో బెరడు కషాయం పోసి చూశాడు. రెండూ కలిసి నీళ్లలో కరగని ముద్దగా అడుగుకు దిగాయి. ఆ ముద్దను బట్టి ఏ చెక్కలో ఎంత టానిన్ ఉందో లెక్క కట్టాడు. టానిన్ అంటే ఆ వగరు పదార్థమే.

ఇక్కడే మన దేశం కథలోకి వస్తుంది. రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్ ఆయనకు బొంబాయి, బెంగాల్ కాచు ఇచ్చాడు. అవును, చండ్ర చెట్టు చేవ నుంచి తీసి తాంబూలంలో వేసే కాచే! 200 భాగాల బొంబాయి కాచులో 109 భాగాలు, బెంగాల్ కాచులో 97 భాగాలు టానిన్ తేలింది. ఒక పౌను కాచు సుమారు ఎనిమిదిన్నర పౌన్ల ఓక్ బెరడుకు సమానమని లెక్క వేశాడు. 1803లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. 1805లో కోప్లీ పతకం వచ్చింది. అనుభవంతో పనివాళ్లు పట్టుకున్న పద్ధతులు చాలావరకు సరైనవేనని ఆయన పరిశోధన చూపింది.

కుళ్లడానికి బాక్టీరియా కారణమన్న సంగతి డేవీకి తెలియదు. అది తర్వాతి తరాలు కనిపెట్టాయి. టానిన్లు పాలీఫినాల్స్ అనే జాతివి. ఒక్కో అణువుకు చాలా చేతులున్నట్టు, అది ప్రోటీన్ పోగుల్ని ఒకేసారి పలుచోట్ల పట్టుకుంటుంది. అలా బిగిసిన తోలును బాక్టీరియా తన ఎంజైములతో కొరకలేదు. ఆ ఎంజైములు కూడా ప్రోటీన్లే కాబట్టి టానిన్ వాటినీ పట్టేస్తుంది. మన నోట్లోనూ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటుంది, జారుడుతనం పోతుంది. అదే వగరు!

తర్వాత డేవీ 1807లో పొటాషియం, సోడియం లోహాలను వేరుచేశాడు. 1815లో గని కార్మికుల ప్రాణాలు కాపాడే దీపం తయారుచేసి, పేటెంట్ తీసుకోలేదు. 1829లో జెనీవాలో కన్నుమూశాడు.

ఇంట్లో ఒకటి చేసి చూడండి. చిక్కటి టీ డికాక్షన్ రెండు గ్లాసుల్లో పోసి చల్లార్చండి. ఒకదాంట్లో రెండు చెంచాలు పాలు కలపండి. రెండూ కొంచెం కొంచెం చప్పరించండి. పాలున్నది తక్కువ వగరుగా ఉంటుంది. పాల ప్రోటీన్ టానిన్‌ను ముందే పట్టేసింది మరి! ఒక్క జాగ్రత్త: కాచు గురించి చెప్పాం కదా అని వక్కా కాచూ నమలకండి. వక్క నమలడం నోటి క్యాన్సర్‌కు దారితీస్తుంది.

ఇంకోమాట. ఎవరి చేతిపనినీ చిన్నచూపు చూడకండి. లంద దగ్గర నిలబడి నేర్చుకోడానికి డేవీ సిగ్గుపడలేదు. మీ వీధిలో చేతిపని చేసేవాళ్లెవరినైనా ఈ వారం ఒక ప్రశ్న అడగండి. జవాబు రాసుకొచ్చి క్లాసులో చెప్పండి.