ముసలితనానికి నియమాలు రాసిన హకీం బూ అలీ సీనా

యునానీ హకీం దగ్గరకు వెళ్లి వచ్చినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పక్షవాతం వచ్చినవారికి, కీళ్లు పట్టేసినవారికి ఆయన మాజూన్ ఇచ్చి ఊరుకోరు. మాలిష్ చేయిస్తారు, ఆవిరి పట్టిస్తారు, కొంత కసరత్తు చెబుతారు. ఈ తరహా చికిత్సకు యునానీలో ‘ఇలాజ్ బిత్ తద్‌బీర్’ అని పేరు. మందుతో కాక దినచర్యతో, పద్ధతితో చేసే వైద్యమన్నమాట. అందులో కసరత్తు ‘రియాజత్’, మర్దన ‘దల్క్’, వేడి స్నానం ‘హమ్మామ్’. ఈ మూడింటి గురించీ వేయి సంవత్సరాల కిందట ఒక అరబీ గ్రంథం ఎంతో వివరంగా చర్చించింది. ఆ గ్రంథం ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’. రాసినవారు షేఖుర్రయీస్ అని ప్రసిద్ధి పొందిన బూ అలీ సీనా.

ఆయన అసలు పేరు హుసైన్. క్రీ.శ. 980లో బుఖారా సమీపంలోని అఫ్షనా గ్రామంలో జన్మించారు. తండ్రి అబ్దుల్లా సామానీ ప్రభుత్వంలో ఉద్యోగి, తల్లి పేరు సితారా. పదేళ్లు నిండేసరికి దివ్య ఖుర్ఆన్ మొత్తం కంఠస్థమయింది. భారతీయ గణితం నేర్చుకోవడానికి తండ్రి ఆయనను ఒక కూరగాయల వ్యాపారి దగ్గరకు పంపారు. తర్కం, జ్యామితి, ఖగోళం ఆ తరువాత వచ్చాయి. పదహారో ఏటికి అనుభవజ్ఞులైన వైద్యులే ఆయన దగ్గర చదువుకోవడానికి రాసాగారు. బుఖారా పాలకుడు నూహ్ బిన్ మన్సూర్ జబ్బుపడినప్పుడు చికిత్సకు ఈ యువకుణ్ణి కూడా పిలిచారు. ఆయన కోరుకున్న బహుమానం రాజుగారి గ్రంథాలయంలో అడుగుపెట్టే అనుమతి.

తరువాత తండ్రి పోయారు, సామానీ రాజ్యం 999లో కూలిపోయింది. ఉద్యోగం వెతుక్కుంటూ ఊరూరా తిరగవలసి వచ్చింది. జుర్జాన్ అమీర్ ఖాబూస్ పండితులను ఆదరిస్తాడని విని వెళితే, ఈయన చేరేసరికి ఆ అమీర్‌ను బంధించారు, అక్కడే అతను మరణించాడు. దిహిస్తాన్‌కు వెళ్లి అక్కడ తీవ్రంగా జబ్బుపడి మళ్లీ జుర్జాన్‌కే తిరిగి వచ్చారు. అప్పుడు కలిశాడు జుజ్జానీ అనే శిష్యుడు. చివరిదాకా గురువును వదలలేదు. విద్యాభిమాని అయిన ఒక షీరాజీ పెద్దమనిషి తన పొరుగునే ఒక ఇల్లు కొని గురువుగారికి ఇచ్చాడు. ఖానూన్‌లోని మొదటి సంపుటం ఆ ఊళ్లోనే తయారయింది.

అప్పటికి ఆయన వయసు ముప్పై దాటి రెండు మూడేళ్లు. ఆరోగ్య పరిరక్షణ గురించిన అధ్యాయాలు, అందులో వృద్ధుల సంరక్షణ గురించిన భాగం, ఆ మొదటి సంపుటంలోనే ఉన్నాయి. ముసలితనం ఎలా ఉంటుందో తనకు అనుభవంలో లేని వయసులో రాసిన మాటలవి. గ్రీకు వైద్యుడు జాలీనూస్‌ను ఎంత చదివి ఉన్నా, ఆ పేజీలలో చేయి తిరిగిన హకీం చూపు కూడా కనిపిస్తుంది.

ఆరోగ్యం నిలబడడానికి ముఖ్యమైనవి మూడని ఆయన అంటారు. మొదటిది కసరత్తు, తరువాత ఆహారం, ఆ తరువాత నిద్ర. మందు ఈ వరుసలో లేదు. కసరత్తు అంటే ఏమిటో చెప్పిన తీరు ఇంకా బాగుంటుంది. మనిషి తనంత తానుగా చేస్తూ, ఊపిరి లోతుగా, వెంటవెంటనే తీసుకోవలసి వచ్చే కదలికే ఆయన దృష్టిలో కసరత్తు. నేటి వైద్యులు కూడా ఊపిరినే కొలతగా వాడతారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అప్పుడు ఆ నడక సరైన వేగంలో ఉన్నట్లు లెక్క.

కుస్తీ, పరుగు, వేగంగా నడవడం, విలువిద్య, గుర్రపు స్వారీ, ఒంటికాలి గెంతు ఆయన జాబితాలో ఉన్నాయి. బలహీనులకు ఊయల ఊగడం, పడవ ప్రయాణం కూడా కసరత్తుకిందే లెక్క. తిన్నది అరిగాక, మళ్లీ తినడానికి ముందు చేయాలి. ఒంటి రంగు తేటగా ఉండి కదలిక చురుకుగా సాగినంతసేపు కొనసాగించవచ్చు, అలసట మొదలయితే ఆపాలి. మర్దన విషయంలోనూ అంతే వివరం ఉంది. గట్టిగా రుద్దితే ఒళ్లు బిగుస్తుంది, మెత్తగా రుద్దితే సడలుతుంది. కసరత్తుకు ముందు ఒళ్లు సిద్ధం చేయడానికి ఒక రకం, తరువాత అలసట తీర్చడానికి మరో రకం.

వృద్ధుల దగ్గరకు వచ్చేసరికి ఆయన గొంతు మరింత మెత్తబడుతుంది. ఒకేసారి కడుపునిండా పెట్టవద్దు, కొద్దికొద్దిగా రెండు మూడు సార్లు పెట్టాలి. మర్దన మితంగా ఉండాలి. కసరత్తు అందరికీ ఒకటే కాదు, ఆ మనిషి శరీరాన్ని, అలవాట్లను, ఉన్న జబ్బును చూసి నిర్ణయించాలి. తల తిరిగే జబ్బున్నవారు తలకు శ్రమ లేకుండా కాళ్లకు పని చెప్పాలి. కాళ్లలో జబ్బుంటే తెడ్డు వేయడం, బరువులెత్తడం వంటివాటితో చేతులకు పని చెప్పాలి. నేటి ఫిజియోథెరపిస్టు చేసే పని కూడా ఇదే కదా. చెడిన భాగాన్ని కాపాడుతూ, మిగిలిన ఒంటిని మంచం పట్టనివ్వకుండా చూడటం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. శరీరమంతా నాలుగు ధాతువుల మీద నడుస్తుందన్న ఆయన సిద్ధాంతం నేడు నిలబడదు. ముసలి శరీరం చల్లబడి, ఎండిపోవడంవల్ల బలహీనమవుతుందని ఆయన అనుకున్నారు. కండ క్రమంగా తగ్గడం, తూకం తప్పడం వంటివి కారణాలని మనకు నేడు తెలుసు. కారణం వేరైనా మనిషిని కదిలించమన్న సలహా మాత్రం తప్పు కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 ఏళ్లు దాటినవారు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. పడిపోకుండా ఉండటానికి వారంలో కనీసం మూడు రోజులు బలానికి, తూకానికి సంబంధించిన కసరత్తులు చేయాలి. మన ఇళ్లలో మాత్రం అబ్బాజాన్‌కు అరవై దాటగానే కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు కూడా చేతికందించడమే గౌరవమనుకుంటున్నాం. అమ్మీజాన్ మోకాలి నొప్పి అంటే, ఇంకెందుకు లేస్తావు అంటాం. ప్రేమతోనే అంటాం. ఆమె కాళ్లు ఆ ప్రేమవల్లనే ఇంకా బలహీనపడతాయి.

ఆ పుస్తకం 12వ శతాబ్దంలో టొలెడోలో లాటిన్‌లోకి వెళ్లింది. ఐరోపా విశ్వవిద్యాలయాలు ఎన్నో తరాలపాటు దానితో వైద్యం నేర్పాయి. రాసిన మనిషి జీవితం మాత్రం ఆ అధ్యాయాల ప్రకారం సాగలేదు.

హమదాన్‌లో అమీర్ షమ్సుద్దౌలాకు కడుపుశూల నయం చేసి, ఆయనకు వజీరయ్యారు. సైన్యం తిరగబడి ఇల్లు దోచుకుంటే నలభై రోజులు దాక్కున్నారు. మళ్లీ పిలిపించి అదే పదవి ఇచ్చారు. పగలంతా రాచకార్యాలు, రాత్రి శిష్యులకు పాఠాలు. పాఠం ముగిశాక గాయకులు, మద్యం. జుజ్జానీయే దీన్ని రాశారు. ఆ అమీర్ మరణించాక నాలుగు నెలలు కోటలో ఖైదు. తరువాత సూఫీ వేషంలో ఇస్ఫహాన్‌కు తప్పించుకుని, అక్కడి అమీర్ అలాఉద్దౌలా కొలువులో చేరారు. నిద్ర, తిండి, విశ్రాంతి, దేనిలోనూ తన ఒంటిని ఆయన లెక్కచేయలేదు.

చివరికి పట్టుకున్నది కడుపుశూలే. ఒకప్పుడు తాను ఇతరులకు నయం చేసిన జబ్బు. అమీర్ వెంట యుద్ధానికి వెళ్లారు. సైన్యం వెనుదిరగవలసి వస్తే జబ్బుతో వెనుకబడిపోతానేమోనని భయపడి, త్వరగా కోలుకోవాలని ఒకే రోజు ఎనిమిది సార్లు ఎనిమా చేయించుకున్నారు. పేగులు పుండ్లు పడ్డాయి. రోగికి తొందర తగదని తెలిసిన హకీమే తొందరపడ్డారు. ఇస్ఫహాన్‌కు డోలీలో మోసుకొచ్చారు. లేచి నిలబడే శక్తి కూడా లేని స్థితి నుంచి, తన వైద్యం తానే చేసుకుని మళ్లీ నడిచేదాకా వచ్చారు. నడక రాగానే దర్బారుకు వెళ్లారు. పాత అలవాట్లకూ వెళ్లారు.

అమీర్ వెంట హమదాన్‌కు బయలుదేరినప్పుడు దారిలో జబ్బు తిరగబెట్టింది. ఊరు చేరాక శరీరంలో ఇక శక్తి మిగలలేదని గ్రహించి, మందులు మానేశారు. ఉన్నది పేదలకు పంచి, బానిసలను విడుదల చేసి, ఖుర్ఆన్ తిలావత్‌లో చివరి రోజులు గడిపారని తరువాతి చరిత్రకారులు రాశారు. హిజ్రీ 428 రమజాన్‌లో, అంటే 1037లో, 57వ ఏట కన్నుమూశారు. హమదాన్‌లోనే ఖననం చేశారు.

జుజ్జానీ అప్పటికి 25 ఏళ్లుగా ఆయనతోనే ఉన్నారు. గురువు తన చిన్ననాటి కథ స్వయంగా చెప్పి ఆపిన చోటు నుంచి మిగతాదంతా రాసింది ఈ శిష్యుడే. అందులో ఆ ఎనిమాల సంగతిగానీ, మితం తప్పిన సంగతిగానీ ఆయన దాచలేదు.