కెప్టెన్ జార్డిన్

క్రికెట్ అంటే చెవి కోసుకునే మిత్రులకు బాడీలైన్ అన్న మాట కొత్త కాదు. దాన్ని నడిపించిన డగ్లస్ జార్డిన్ అనే మనిషి గురించి మాత్రం మనం చెప్పుకునేది తక్కువ. నేనూ ఆయన్ని ఉత్త విలన్ అనే అనుకునేవాణ్ణి. మన కాలేజీ జట్టుకు కెప్టెన్‌నయ్యాక ఆయన కథ మళ్లీ చదవాల్సి వచ్చింది. ఎందుకో చివర చెబుతాను.

జార్డిన్ పుట్టింది మన దేశంలోనే, 1900 అక్టోబరు 23న, బొంబాయి మలబార్ హిల్‌లో. తండ్రి అక్కడ బారిస్టరు. తొమ్మిదో ఏట పిల్లవాణ్ణి స్కాట్లండులోని బంధువులింటికి పంపేశారు. వించెస్టర్‌లోనూ, ఆక్స్‌ఫర్డ్‌లోనూ చదివి 1926లో సొలిసిటరయ్యాడు. క్రికెట్ ఆయనకు జీవనాధారం కాదు. డబ్బు పుచ్చుకోకుండా ఆడే అమెచ్యూరు ఆయన. జీతానికి ఆడేవాడు ప్రొఫెషనల్. చాలా మైదానాల్లో ఈ రెండు తెగలూ లోపలికి వచ్చే గేట్లు కూడా వేరు! రెండు ప్రపంచయుద్ధాల మధ్య ఇంగ్లండు కెప్టెన్సీ అమెచ్యూర్లకే దక్కేది. 1931లో అది జార్డిన్‌ను వరించింది.

అంతకు ముందు ఏడాదే బ్రాడ్‌మన్ ఇంగ్లండు మీద ఒక్క సిరీస్‌లో 974 పరుగులు చేశాడు. ఆ ధాటిని ఆపడానికి 1932-33 ఆస్ట్రేలియా పర్యటనలో జార్డిన్ వేసిన ఎత్తే బాడీలైన్. లెగ్ సైడు నిండా ఫీల్డర్లు, ఒంటి మీదికి లేచే వేగమైన బంతులు. ఆ బంతులు వేసిన హెరాల్డ్ లార్వుడ్ పద్నాలుగో ఏటే బొగ్గుగనిలో పనికి దిగిన ప్రొఫెషనల్. అడిలైడులో అతని బంతి వుడ్‌ఫుల్ ఛాతీకి తగిలింది. అతను ఇంకా తేరుకోకముందే, లార్వుడ్ తర్వాతి ఓవరుకు జార్డిన్ ఫీల్డర్లను లెగ్ సైడుకు మార్చాడు. జనం మండిపడ్డారు. గబ్బీ ఆలెన్ అలా బౌలింగ్ చెయ్యనని తెగేసి చెప్పాడు. అమెచ్యూరు కాబట్టి చెల్లింది. లార్వుడ్‌కు ఆ వెసులుబాటు ఎక్కడిది? అతను 33 వికెట్లు తీశాడు. ఇంగ్లండు 4-1తో గెలిచింది.

జార్డిన్ పిరికివాడు మాత్రం కాడు. 1933లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వెస్టిండీస్ బౌలర్లు కాన్‌స్టంటైన్, మార్టిండేల్ అదే మందు ఆయనకే పోశారు. ఆయన వెనక్కి తగ్గకుండా 127 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఆయన ఏకైక సెంచరీ అదే.

ఆ చలికాలం జట్టుతో మన దేశం వచ్చాడు. 1933 డిసెంబరులో బొంబాయిలో మన గడ్డ మీద మొదటి టెస్టు జరిగింది. మన కెప్టెన్ తెలుగు బిడ్డ సి.కె.నాయుడు. సిరీస్ జార్డిన్ గెలిచాడు. కానీ కాశీలో మన విజయనగరం విజ్జీ జట్టు చేతిలో 14 పరుగుల తేడాతో ఓడాడు. ఆ పర్యటనలో ఆయన ఓడిన మ్యాచి అదొక్కటే.

1934లో లెక్క తేల్చే రోజు వచ్చింది. ఆస్ట్రేలియాను మంచి చేసుకోవాలని పెద్దలు లార్వుడ్‌ను క్షమాపణ చెప్పమన్నారు. కెప్టెన్ చెప్పినట్టే బౌలింగ్ చేసినవాడు ఎందుకు చెబుతాడు? చెప్పలేదు. మళ్లీ టెస్టు ఆడనూ లేదు. జార్డిన్ తనే తప్పుకున్నాడు. వ్యూహం తనదేనన్న మాట మీద నిలబడ్డాడు, లార్వుడ్‌ను వెనకేసుకొచ్చాడు. అయినా ఇద్దరి నష్టమూ ఒకటేనా? ఒకరిది ఆట, మరొకరిది కూడు.

రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి జార్డిన్ మళ్లీ మన దేశానికి వచ్చాడు. 1958 జూన్ 18న స్విట్జర్లాండులో కన్నుమూశాడు. 22 టెస్టుల్లో సగటు 48. గొప్ప లెక్కే. కానీ నాకు గుర్తుండేది అది కాదు.

నిరుడు ఒక అంతర్ కళాశాల మ్యాచిలో మా ఫాస్ట్ బౌలర్‌ను షార్ట్ పిచ్ బంతులు వెయ్యమన్నది నేనే. అవతలి కుర్రాడి దవడ పగిలింది. పెద్దలంతా బౌలర్ని చీవాట్లు పెట్టారు. అతను తలొంచుకుని క్షమాపణ చెప్పాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. జార్డిన్‌ను విలన్ అన్న నేను, ఆయన చేసినపాటి పని కూడా చెయ్యలేకపోయాను.

ఈ సంచిక ఆ మిత్రుడి చేతికీ వస్తుంది. ఆలస్యమైనా చెబుతున్నాను. ఆ బంతి వేసింది నువ్వే అయినా, వేయించింది నేను.