ప్రకృతిపాఠముల గురువు: ఆనా కామ్‌స్టాక్

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, కాటరాగస్ మండలమందు, 1854 సెప్టెంబరు 1వ తేదీన ఆనా బాట్స్‌ఫర్డ్ జన్మించెను. ఆమె తలిదండ్రులకు ఏకైక సంతానము. తల్లి బిడ్డకు అడవిపూల పేరులను, నక్షత్రరాసుల పేరులను ముచ్చటగా నేర్పెను. ఆ తొలిచదువే ఆమె జీవితమునకు దారిచూపెను.

ఆనా 1874లో కార్నెల్ విశ్వవిద్యాలయమున ప్రవేశించి, 1878లో కీటకశాస్త్ర బోధకుడగు జాన్ హెన్రీ కామ్‌స్టాకును వివాహమాడెను. భర్త గ్రంథములకు చిత్రములు సమకూర్చుటకై కొయ్యపై బొమ్మలు చెక్కు విద్య నభ్యసించి, అందు ప్రఖ్యాతి గాంచెను. 1885లో పట్టభద్రురాలయ్యెను.

ఆ కాలమున న్యూయార్కు రాష్ట్రమందు వ్యవసాయము క్షీణించి, పల్లెప్రజలు పట్టణములకు తరలిపోవుచుండిరి. పిల్లలకు తమ పొలములయందు ప్రీతి కలిగింపవలెనని పెద్దలు తలంచి, 1895 ప్రాంతమున వెస్ట్‌చెస్టరు మండల పాఠశాలలలో ప్రకృతిపాఠములను ప్రారంభించిరి. ఆనా ఆ కార్యమున పాలుగొని, ఉపాధ్యాయులకు శిక్షణ మొసంగుచు, వారికొరకు చిన్న పత్రికలు వ్రాసెను.

ప్రకృతిపాఠము వేరొక బరువు కాదనియు, తక్కిన పాఠములన్నిటికిని జీవము పోయునదనియు ఆమె మతము. వాగువెంట నడచిన బాలునకు భూగోళము బోధపడును. చూచినదానిని లెక్కించిన గణితమును, గీచిన చిత్రలేఖనమును అలవడును. ఆంగ్లభాషాబోధనకు సైత మిదియే మార్గము. స్వయముగా చూచిన పిల్లవానికి చెప్పవలసిన సంగతి యుండును. సంగతి యున్నచో మాట వెదకికొనును. కావుననే పిల్లలు వ్రాసికొను ప్రకృతిపుస్తకము వారి సొంత సొత్తనియు, అందలి తప్పులను గురువు దిద్దరాదనియు ఆమె బోధించెను. తెలియనిదానిని తెలియదని యొప్పుకొని శిష్యులతో గూడి వెదకుట గురువునకు గౌరవమే యని చెప్పెను.

1898లో ఆమె కార్నెల్‌లో సహాయాచార్య పదవి నందిన తొలి స్త్రీ యయ్యెను. స్త్రీకి ఆ పదవి తగదని ధర్మకర్తలు అభ్యంతరము చెప్పగా, ఉపన్యాసకురాలిగా తగ్గింపబడెను. ఐనను ఆమె పని మానలేదు. 1911లో 900 పుటలకు మించిన ప్రకృతిపాఠ గ్రంథమును ప్రకటించెను. నష్టము వచ్చునని భర్త శంకించినను, ఆ గ్రంథము 20కి మించిన కూర్పులను గాంచెను. 1913లో సహాయాచార్య పదవియు, 1920లో పూర్ణాచార్య పదవియు ఆమెను వరించెను. 1930 ఆగస్టు 24వ తేదీన ఇథాకా నగరమున ఆమె పరమపదించెను.

విద్యార్థులారా! ఆంగ్లవ్యాసమునకు మాట తోచనప్పుడు నిఘంటువును విప్పుటకు ముందు ఒక్కసారి వెలుపలికి పోయి, చెట్టునో చీమలబారునో తిన్నగా చూచి రండు. ఈ సాధ్వి చూపిన దారి యదియే.