అళియ రామరాయలు

మన రాయచూరు జిల్లాకు ఉత్తరమున కృష్ణానది, దక్షిణమున తుంగభద్రానది ప్రవహించుచున్నవి. ఈ రెండు నదుల నడిమి నేలకై విజయనగర ప్రభువులును, బహమనీ సుల్తానులును, పిదప బిజాపురపు ఆదిల్ షాహీలును తరతరములు పోరాడిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించి రాయచూరు దుర్గమును గైకొనెను. ఆ మహారాజు అల్లుడే రామరాయలు. కన్నడమున అళియ యనగా అల్లుడని మన జిల్లాలో ఎరుగని వారుండరు. ఆ బంధుత్వపు పేరే ఇతనికి చరిత్రలో శాశ్వత నామమైనది.

రామరాయలు ఆరవీటి వంశజుడు. ఆ వంశమువారు విజయనగరమును కొలిచిన పరాక్రమవంతులే గాని, సింహాసనమునకు హక్కుదారులు కారు. రాయల కుమార్తెను పరిణయమాడుటచే రామరాయలకు రాజకుటుంబమున స్థానము లభించెను. 1529లో కృష్ణదేవరాయలు మరణింపగా ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలు రాజయ్యెను. అల్లుడైన రామరాయలు అధికారమును కోరెను. అచ్యుతరాయల బావమరదులైన సలకరాజు సోదరులు అతని నెదిరించిరి. 1542లో అచ్యుతరాయలు గతించిన పిమ్మట సలకరాజు చిన తిరుమలుడు బాలరాజగు వేంకటరాయలను చంపించి రాజ్యమును హరించెను. రామరాయలు అతనిని నిర్మూలించి, అచ్యుతరాయల అన్నదమ్ముల బిడ్డయగు సదాశివరాయలకు పట్టము గట్టెను. కిరీటము సదాశివునిది, ప్రభుత్వము రామరాయలది. తమ్ములు తిరుమలరాయలు, వేంకటాద్రి అతనికి రెండు భుజములై నిలిచిరి.

రామరాయలు దక్కను సుల్తానుల కలహములలో ఒకమారు ఒకరికి, మరియొకమారు వేరొకరికి తోడ్పడి తన బలమును పెంచుకొనెను. గోలకొండ రాజకుమారుడు ఇబ్రహీం కుతుబ్ షా, 1550లో రాజగుటకు ముందు, విజయనగరముననే ఏడేండ్లు ఆశ్రయము పొందెను. రామరాయలకు పుత్రశోకము కలిగినపుడు బిజాపుర సుల్తాను అలీ ఆదిల్ షా స్వయముగా పరామర్శకు వచ్చెను. రామరాయల పత్ని ఆ యువకుని కుమారునివలె ఆదరించినట్లు ఫెరిష్తా వ్రాసెను.

అయినను ఆ ఆదరము నిలువలేదు. రామరాయల బలమును చూచి భీతిల్లిన సుల్తానులు పాత పగలను మరచి వివాహబంధములతో ఏకమైరి. అహమ్మదునగరపు హుసేన్ నిజాం షా తన కుమార్తె చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకు ఇచ్చి, చిరకాలము తగవునకు మూలమైన షోలాపురము కోటను అరణముగా నొసగెను. అలీ సోదరి హుసేను కుమారునకు భార్య అయ్యెను. గోలకొండ ఇబ్రహీము కూడ హుసేనునకు అల్లుడే. ఈ చాంద్ బీబీయే తరువాతి కాలమున అహమ్మదునగర దుర్గమును మొగలుల నుండి రక్షించి ఖ్యాతి గాంచెను.

1565 జనవరిలో కృష్ణాతీరమున తళ్లికోట యుద్ధము జరిగెను. దీనికే రాక్షసి తంగడి యుద్ధమనియు పేరు. వృద్ధుడయ్యును రామరాయలు స్వయముగా రణరంగమున నిలిచి, శత్రువులకు చిక్కి, హుసేన్ నిజాం షా ఆజ్ఞచే శిరచ్ఛేదము పొందెను. తిరుమలరాయలు సదాశివునితో పెనుగొండకు తరలిపోయెను. విజయనగరము దోపిడికి గురియై పాడుపడెను. మామగారు గెలిచిన రాయచూరును, దాని పొరుగు ముదిగల్లు కోటయును బిజాపురము వశమైనవి.

సోదర విద్యార్థులారా! ఒక పెండ్లి రామరాయలను రాజ్యాధికారమునకు చేర్చెను. శత్రువుల ఇండ్ల పెండ్లిండ్లు అతని పతనమునకు దారితీసెను. మామ పేరు పదవిని ఇచ్చినది గాని, పొరుగువారి నమ్మకమును ఈయలేదు. దానిని ఎవరికి వారు సంపాదించుకొనవలసినదే. అది కొరవడినందున నష్టపోయినది ఒక్క రామరాయలే కాదు, ఒక మహానగరమును, అందలి ప్రజలును.