విశ్వదాత పత్రికావ్రతము

ధర్మముచే ఆర్జింపబడి ధర్మమునకే వినియోగపడు ధనము పురుషార్థమనియు, తక్కినది కేవల ద్రవ్యసంచయమనియు మన శాస్త్రకారుల నిర్ణయము. ఈ నిర్ణయమునకు ఆధునికాంధ్రదేశమున లక్ష్యముగా నిలిచినది దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితము. వారి ఆంధ్రపత్రిక జాతీయోద్యమమునకు వాణి, సంప్రదాయవిద్యకు ఆశ్రయము. అయినను అది తన ఆదాయముతో తాను బ్రతికిన పత్రిక కాదు. దానిని పోషించినది ఒక తలనొప్పి మందు. ఈ విచిత్రసంబంధమును గుర్తింపనిచో పంతులుగారి దాతృత్వము పూర్తిగా బోధపడదు.

నాగేశ్వరరావుగారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామమునకు చెందిన కుటుంబమున జన్మించిరి. బందరులోను, చెన్నపురిలోను చదువుకొని, ఉద్యోగార్థము కలకత్తాకును, పిదప బొంబాయికిని చేరిరి. అచ్చట వ్యాపారమర్మము లెరిగి 1893లో అమృతాంజనమును సిద్ధపరచిరి. సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టి ప్రజలకు దానిని పరిచయము చేసిరి. క్రమముగా ఆ పసుపుపచ్చని లేపనము దేశమంతట వ్యాపించి వారికి సంపద చేకూర్చెను.

ఆ సంపద కొంతకాలమునకే తనకు తగిన వినియోగమును పొందెను. 1908లో పంతులుగారు బొంబాయి నుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. అది జాతీయపత్రికలకు గడ్డుకాలము. ఆ సంవత్సరమే లోకమాన్య తిలకునకు బొంబాయిలో ఆరేండ్ల ద్వీపాంతరవాస శిక్ష పడెను. తెనుగునాట గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు పత్రికారచన కారణముగనే చెరసాల పాలైరి. 1910 నాటి ముద్రణచట్టము ధరావతు నిర్బంధముతో పత్రికాధిపతుల నింకను భయపెట్టెను. ధనవంతుడగు వర్తకుడు ఇట్టి సమయమున పత్రిక నడుపుట లాభాపేక్షతో చేయు పని కాదు.

1914 ఏప్రిలు 1వ తేదీన చెన్నపురి నుండి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడసాగెను. కొద్ది మాసములకే ఐరోపాలో మహాయుద్ధ మారంభమయ్యెను. యుద్ధవార్తలకై పాఠకులు పెరిగిరి. కాగితపు వెలయు దానితో పెరిగెను. తెనుగుపత్రికకు సహజమైన కష్టములు వేరుగ నుండెను. గుణింతములకును, ఒత్తులకును అచ్చుటక్షరములు విస్తారముగ కావలెను. కూర్చువారు ఎక్కువమంది కావలెను. చదువ నేర్చినవారు తక్కువ. వారిలో వెల యిచ్చి కొనువారు మరింత తక్కువ. ఈ లోటును అమృతాంజనపు రాబడి పూరించెను.

ఇట్లు నిలిచిన పత్రిక వార్తలతో తృప్తి పడలేదు. ఉగాది సంచికలు శాస్త్రములకును, సాహిత్యమునకును, కళలకును నెలవులయ్యెను. 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారు గతింపగా, నిలిచిపోయిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వ భారమును పంతులుగారు తలదాల్చిరి. 1924 జనవరిలో భారతి మాసపత్రిక జన్మించెను. శాసనములు, ఛందస్సు, వ్యాకరణము, కవికాలనిర్ణయము మున్నగు విషయములపై పండితుల వాదప్రతివాదములకు అది రంగస్థలమయ్యెను. 1926లో ఆంధ్రగ్రంథమాల ప్రారంభమై, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి విపులపీఠికతో పాల్కురికి సోమనాథుని బసవపురాణమును సామాన్యులకందు వెలకు ప్రకటించెను. ఆ శాస్త్రిగారే తరువాత తిరుపతికి చేరి అన్నమాచార్యుల తామ్రపత్రముల పరిశోధనలో కృషి చేసిరి. తిరుపతి విద్యాపీఠములలో నేడు జరుగు పరిశోధనకు ఈ గ్రంథమాలతో గల సంబంధము విస్మరింపరానిది.

ఇందు మరియొక పత్రిక గతి పోల్చి చూడదగియున్నది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1921లో చెన్నపురిలో స్వరాజ్య పత్రికను స్థాపించి, న్యాయవాదవృత్తిలో ఆర్జించిన సర్వస్వమును దానికి ధారపోసిరి. వారి త్యాగమునకు కొరత లేదు; కాని ఆ వృత్తిని వారు విడిచియుండిరి గనుక పోయిన ధనము తిరిగి నిండు మార్గము లేకుండెను. అప్పులపాలై ఆ పత్రిక నిలిచిపోయెను. నాగేశ్వరరావుగారు త్యాగమునకు ముందే దానికి ఊట నేర్పరచుకొనిరి. ఒకరిది నిండిన కుండ నొలికించిన దానము; ఒకరిది బావి త్రవ్వి నడిపిన చలివేంద్రము.

1930లో ఉప్పుసత్యాగ్రహమున పాల్గొని పంతులుగారు కారాగారమున కేగిరి. మండాలే చెరలో తిలకు గీతారహస్యమును రచించినట్లే, వీరును చెరలో భగవద్గీతను తెనుగున వివరించుటకు పూనుకొనిరి. ఫలాపేక్ష లేక కర్మ నాచరింపవలెనను గీతార్థము ఏటేట నష్టము చూపు పత్రిక నేండ్ల తరబడి నడిపినవారికి గ్రంథమాత్రమున తెలిసినది కాదు.

1937 నవంబరు 16న చెన్నపురిలోని వారి గృహము శ్రీబాగులో రాయలసీమ నాయకులును, సర్కారుజిల్లాల నాయకులును సమావేశమై ఒడంబడిక గావించుకొనిరి. ఆంధ్రరాష్ట్ర మేర్పడినచో తమ కన్యాయము జరుగునేమో యను సీమవారి శంకకు సమాధానముగ, విశ్వవిద్యాలయ కేంద్రము, నదీజలములలో ప్రాధాన్యము మున్నగునవి అందు చేరెను. పిదప కొలదిమాసములకే, 1938 ఏప్రిలు 11న, పంతులుగారు పరమపదించిరి.

వారి అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికలను 1972లో తాము గతించువరకు నిర్వహించిరి. 1991లో ఆంధ్రపత్రికయు, భారతియు నిలిచిపోయెను. అమృతాంజనము మాత్రము నేటికిని అంగళ్లలో లభించుచున్నది. మందు మిగిలి పత్రిక పోవుట దాత లోపము కాదు. ఒక్కరి ధనముపై ఆధారపడిన విద్యాసంస్థ ఆ ధనపు దారి మారిన దినమున కూలుననుటకు ఇది నిదర్శనము. భారతి పుటలలో తమ వ్యాసము ప్రకటితమగుటను గౌరవముగ నెంచిన పండితు లెందరో కలరు. చందా చెల్లించుట కూడ విద్యాధర్మమే యని తలచినవా రెందరో ఆ పత్రికాచరిత్రయే చెప్పుచున్నది. దాత చేసినది తన ధర్మము. గ్రహీతలకును ధర్మము కలదు. పరిశోధనపత్రికల మనుగడ ఆ రెండవ ధర్మము ననుసరించి యుండును.